నాలుగో మూల

1998 ఫిబ్రవరి మొదటి వారంలో నేను మేడ్చల్ సబ్‌డివిజన్‌లో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరాను. అంతకుముందు ఆరేళ్ళు గుంటూరు జిల్లాలో రోడ్ల పనులు చూశాను. రోడ్డుకు మూలలు ఉండవు. అందువల్ల మూలల గురించి నాకు తెలిసినదంతా చదువుకున్నదే తప్ప చూసింది కాదు. ఆ విషయం బదిలీ ఉత్తర్వుల్లో ఎక్కడా రాయలేదు; నేనూ ఎవరికీ చెప్పలేదు.

మా శాఖలో ఏఈ అంటే పని జరిగే చోట ప్రభుత్వం తరఫున నిలబడే మొదటి మనిషి. కాంట్రాక్టరు కట్టిస్తాడు, మేస్త్రీ కడతాడు, ఏఈ కొలుస్తాడు. ఏఈ పైన డిప్యూటీ ఈఈ, ఆయన పైన ఈఈ, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. ఏఈ రాసిన కొలతను పైవాళ్ళు సంతకాలతో ఖాయం చేస్తారు. కొలతల పుస్తకంలోకి, అంటే ఎం-బుక్కులోకి, ఎక్కనిది కట్టినా కట్టనట్టేనని మా ఆఫీసులో ఒక హాస్యం ఉండేది. నేను దాన్ని హాస్యంగా తీసుకోలేదు. నా కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

నాకు అప్పగించిన మొదటి పని ఒక చిన్న పశువుల దవాఖానా. శామీర్‌పేట దాటి, అలియాబాద్ వైపు కరీంనగర్ రోడ్డు దిగి, మట్టిబాటలో రెండు మైళ్ళు పోతే వచ్చే పల్లెలో దాన్ని కట్టాలి. నేను పేట్ బషీరాబాద్‌లో కొత్తగా వెలుస్తున్న కాలనీలో అద్దెకు దిగాను. రోజూ పొద్దున స్కూటరు మీద బయలుదేరి, ముందు మేడ్చల్ ఆఫీసులో కనిపించి, అక్కడి నుంచి అడ్డదారిన ఆ పల్లె చేరేవాణ్ణి. చేరేసరికి నా తెల్లచొక్కా, ఆ మట్టిబాట ఒకే రంగులో ఉండేవి.

భవనం చిన్నదే అయినా దానికొక ప్రత్యేకత ఉంది. ఆ ప్రాంతంలో పునాది అంటే రాయి. చుట్టూ గుట్టలే కాబట్టి ఎవరి ఇంటికైనా రాతి పునాదే వేస్తారు. ఈ ఒక్క భవనానికి మాత్రం ప్రయోగంగా సిమెంటు బ్లాకులతో పునాది గోడలు కట్టి చూడాలని పైనుంచి నిర్ణయించారు. ఒక్కో బ్లాకు పదహారు అంగుళాల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు. లోపల బోలు లేని గట్టి బ్లాకు. దాన్ని ఎత్తాలంటే ముందు నడుము అనుమతి తీసుకోవాలి.

మేస్త్రీ పేరు ఎల్లయ్య. యాభై దాటినవాడు, అదే ఊరివాడు. ఆ ఊళ్ళో సగం ఇళ్ళ పునాదులు ఆయన చేతివే. ముప్ఫై ఏళ్ళుగా రాయి తప్ప మరొకటి ముట్టలేదు. ఆయన భార్య సత్తెమ్మ అదే పనిలో మాల్ కలిపి అందించేది. ఇసుక, సిమెంటు, నీళ్ళు కలిపిన ముద్దను అక్కడ మాల్ అంటారు. ఎల్లయ్య నోట మాట తక్కువ. ఆ లోటు ఆమె తీర్చేది. ఇద్దరూ నన్ను సార్ అనేవారు, ఆ వెంటనే నువ్వు అనేవారు. ‘సార్, నువ్వు జర పక్కకు జరుగు’ అంటే మొదట్లో నాకు సగం గౌరవం, సగం అవమానం జరిగినట్టుండేది. రెండూ కావని, అది వాళ్ళ భాష అని, పదిహేను రోజులకు అర్థమైంది.

కందకాలు తవ్వి అడుగున బెడ్ కాంక్రీటు పోశాక, గోడ మొదలుపెట్టేలోపు దాని లెవెల్ చూడటం నా పని. బెడ్ అంటే గోడకు పరుపు లాంటిది. అది సమంగా ఉంటేనే మీద గోడ సమంగా లేస్తుంది. అప్పట్లో చిన్న పనులకు లెవెల్ చూసేది నీళ్ళు నింపిన పారదర్శకపు గొట్టంతో. రెండు కొసలు రెండు మూలల దగ్గర పెట్టి పట్టుకుంటే, రెండు వైపులా నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి. అక్కడి నుంచి కిందికి కొలిస్తే ఏ మూల ఎత్తో ఏ మూల పల్లమో తెలిసిపోతుంది.

ఆ రోజు కాంట్రాక్టరు గుమాస్తా ఒక కొస పట్టుకున్నాడు. మూడు మూలలు చూశాం. మూడూ సరిపోయాయి. నాలుగోది ఈశాన్య మూల. కాంక్రీటు గట్టిపడటానికి కందకంలో పట్టిన నీళ్ళు మిగతా చోట్ల ఇంకిపోయి ఆ మూలలో మాత్రం అంగుళం లోతున నిలిచి ఉన్నాయి. కందకంలోకి దిగితే బూట్లు తడుస్తాయి. పైగా మధ్యాహ్నం రెండింటికి ఆఫీసులో మీటింగు. గట్టు మీద నిలబడి చూశాను. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, ఎక్కడా వాలు లేదు. నీళ్ళకంటే గొప్ప లెవెల్ ఏముంటుంది అనుకున్నాను. మూడు మూలలు సరిపోయాక నాలుగోది ఎక్కడికి పోతుంది అని కూడా అనుకున్నాను. లెవెల్ పుస్తకంలో మూడు మూలల కింద రాసిన అంకెనే నాలుగో మూల కిందా రాసి, సంతకం పెట్టి, స్కూటరెక్కాను.

నీళ్ళు ఎక్కడ నిలిచినా పైన సమంగానే ఉంటాయి, అడుగు ఎలా ఉన్నా సరే. ఇది ఏడో తరగతి పాఠం. అసలు ఊరంతా వదిలేసి ఆ నీళ్ళు ఆ మూలకే ఎందుకు చేరాయి అన్నది అంతకంటే చిన్న ప్రశ్న. రెండూ నాకు తట్టలేదు. ఇంజనీరింగ్‌లో నాకు ఫస్ట్ క్లాసు వచ్చిందని ఇక్కడ మనవి చేసుకుంటున్నాను.

గోడ పని మొదలైన రోజే ఎల్లయ్యకూ నాకూ మొదటి తగువు వచ్చింది. ఆయన బ్లాకులన్నిటినీ తొట్టిలో వేసి నానబెట్టాడు, ఇటుకల్ని నానబెట్టినట్టు. నేను ఆపించాను. సిమెంటు బ్లాకును నానబెట్టి కడితే ఆరేటప్పుడు ముడుచుకుని గోడ నెర్రెలిస్తుంది. పైన నీళ్ళు చిలకరిస్తే చాలు. ఆయన నమ్మలేదు కానీ విన్నాడు. ఆ విషయంలో నేను చెప్పింది నిజమే. ఆ ఒక్క విజయం నాకు చాలా హాని చేసింది. మేస్త్రీకి బ్లాకుల గురించి ఏమీ తెలియదనీ, నాకు అన్నీ తెలుసనీ ఆ రోజే ఖాయం చేసుకున్నాను.

బ్లాకు గోడ ఎప్పుడూ మూలల నుంచి మొదలవుతుంది. ముందు నాలుగు మూలల్లో మూడు నాలుగు వరసల ఎత్తున మెట్లు మెట్లుగా కట్టుకుంటారు. ఒక వరసలో బ్లాకు ఇటు తిరిగితే పై వరసలో అటు తిరగాలి, అతుకు మీద అతుకు రాకూడదు. గునియా అనే మూలమట్టం పెట్టి మూల సరిగ్గా తిరిగిందో లేదో చూస్తారు; దారానికి వేలాడే గుండు వదిలి గోడ నిలువుగా ఉందో లేదో చూస్తారు; రసమట్టం పెట్టి బ్లాకు పైభాగం సమంగా ఉందో లేదో చూస్తారు. ఆ తర్వాత మూల నుంచి మూలకు దారం లాగి మధ్య గోడ నింపడమే. నింపడం ఎవరైనా చేస్తారు. మూల మాత్రం మేస్త్రీయే కట్టాలి. మూల తప్పితే గోడంతా ఆ తప్పును నమ్మకంగా అనుసరిస్తుంది. ఇంకో నియమం, బ్లాకుల మధ్య మాల్ వేలి మందం దాటకూడదు.

మూడు మూలలు రెండు రోజుల్లో ముచ్చటగా లేచాయి. రాతి మేస్త్రీ బ్లాకు పట్టుకుంటే ఎలా ఉంటుందోనని చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. నేను కూడా మెచ్చుకున్నాను, లోపల.

మూడో రోజు నాలుగో మూల. నీళ్ళు తోడేసి, బెడ్ తుడిచి, ఎల్లయ్య మొదటి వరస పెట్టాడు. దారం లాగి చూస్తే ఆ మూల కిందికి దిగి ఉంది. గుండు వదిలితే బయటికి వాలింది. విప్పమన్నాను. ఆయన విప్పాడు. మధ్యాహ్నం మళ్ళీ పెట్టాడు. ఈసారి దారానికి అందింది, నిలువుగా ఉంది, గునియా కూడా కలిసింది. కానీ మొదటి వరస కింద ఒక వైపు మాల్ రెండు వేళ్ళ మందం దాటింది. నిబంధన ప్రకారం అది కూడా తప్పే. మళ్ళీ విప్పమన్నాను.

అప్పుడు ఆయన నోరు విప్పాడు. “కింద జారుడున్నది సార్. బెడ్డు ఈ మూలకు దిగింది.”

నేను లెవెల్ పుస్తకం తెరిచి నాలుగు అంకెలూ చూపించాను. నాలుగూ ఒకటే. బెడ్ పరీక్ష చేసి రాసింది నేనేనని, సంతకం కూడా ఉందని చెప్పాను. ఆయన పుస్తకం వైపు చూడలేదు, కందకం వైపు చూశాడు.

“సన్నగ పెడితె వంగిందంటివి. లావుగ పెడితె మాల్ ఎక్కువైందంటివి. ఇగ గోడ నేను చెప్పినట్టు ఇనాల్నా, నువ్వు చెప్పినట్టు ఇనాల్నా సార్?”

గొట్టం అక్కడే ఉంది. మళ్ళీ కొలిస్తే పది నిమిషాల పని. కానీ కొలవడమంటే, గుమాస్తా ఎదుట, కూలీల ఎదుట, మేస్త్రీ మాట మీద నా సంతకాన్ని నేనే అనుమానించడం. పైగా వచ్చే గురువారం ఈఈ గారు తనిఖీకి వస్తున్నారు. ఇన్ని ఆలోచనల మధ్య కొలతకు చోటు లేకపోయింది.

నేను సైట్ ఆర్డర్ బుక్కు తెప్పించాను. పని జరిగే చోట ఇంజనీరు ఇచ్చే ఆదేశాలు అందులో రాస్తారు. ఒకసారి రాసింది చెరపకూడదు, కాగితం చింపకూడదు. అందులో ఇంగ్లీషులో మూడు వాక్యాలు రాశాను. సదరు మేస్త్రీకి బ్లాకు పనిలో నైపుణ్యం లేదని, ఈశాన్య మూల రెండుసార్లు తిరస్కరించడమైనదని, నైపుణ్యం గల మేస్త్రీని వెంటనే నియమించవలెనని. గుమాస్తా దాన్ని చదివి, నేను అడగకుండానే, అందరికీ వినబడేట్టు తెలుగులో చెప్పాడు.

ఎల్లయ్య కర్ని కడుక్కున్నాడు. మావైపు తాపీ అనేదాన్ని అక్కడ కర్ని అంటారు. చేతులు కూడా కడుక్కుని, తుండు దులుపుకుని వెళ్ళిపోయాడు. తన ఊరి నడుమ, తాను కట్టిన ఇళ్ళ పక్క నుంచి నడిచి వెళ్ళాడు. ఆ సంగతి అప్పుడు నేను గమనించలేదు.

మర్నాడు మేస్త్రీ రాలేదు కానీ సత్తెమ్మ వచ్చింది. కొంగు నడుముకు చుట్టి ఇసుక జల్లెడ పడుతోంది. మీ ఆయన రాలేదేం అని అడిగాను.

“అలిగిండు,” అంది.

“మరి నువ్వు?”

“ఇంట్ల ఇద్దరం అలిగితె పొయ్యి ఎవరు ముట్టియ్యాలె సారూ?”

కాంట్రాక్టరు కొంపల్లి వైపు మనుషుల్ని పంపి బ్లాకు మేస్త్రీ కోసం వెతికించాడు. ఆ రోజుల్లో అక్కడ లేస్తున్న అపార్టుమెంట్లు వదిలి పశువుల దవాఖానాకు రావడానికి ఎవరూ ఒప్పుకోలేదు. రెండు రోజులు పని ఆగిపోయింది. ఇసుక ఎన్నిసార్లు జల్లెడ పడతారు? సత్తెమ్మ బ్లాకుల నీడలో కూర్చుని, ఊళ్ళో తన భర్తను ఎవరెవరు ఏమేమి అడుగుతున్నారో నాకు వినబడేలా తోటి కూలీకి చెప్పేది. కులసంఘం ఇంటి పని ఆయనకే అనుకున్నారట, ఇప్పుడు ఆలోచిస్తున్నారట. సర్కారు బుక్కులో పనిరాదని రాశారట కదా అని చిల్లర కొట్టు దగ్గర ఎవరో అన్నారట. ‘ఊళ్ళె సగం ఇండ్లకు మూలలు దీసిన మనిషిని గిట్లంటరా’ అని ఆమె ఒక్కసారి గొంతు పెంచి, మళ్ళీ తగ్గించింది. నేను ఎం-బుక్కులో పేజీలు తిప్పుతున్నట్టు కనిపించాను.

మూడో రోజు పొద్దున ఆమె తిన్నగా నా దగ్గరికే వచ్చింది. “మా ఆయన ఒక మాట చెప్పమన్నడు సారూ. నువ్వు గా మూల కట్టి సూపిస్తె, తనే వచ్చి నీకు మాల్ అందిస్తనన్నడు.”

కూలీలు పని ఆపారు. గుమాస్తా బీడీ ఆర్పాడు. నాకు అప్పుడు ముప్ఫై రెండేళ్ళు. ఆ వయసులో మనిషి ఇలాంటి పిలుపును కాదనలేడు. రమ్మను అన్నాను.

అరగంటలో ఎల్లయ్య వచ్చాడు. తుండు నడుముకు బిగించి, గమేళా అనే ఇనప తట్ట చేతపట్టుకుని, ముప్ఫై ఏళ్ళుగా మాల్ మోసినవాడిలా వినయంగా నిలబడ్డాడు. వెనక ఊరు కూడా వచ్చింది. గేదెలను తోలుకుపోతున్న ఇద్దరు ముసలాళ్ళు గేదెలను ముందుకు పంపి తాము ఆగిపోయారు.

నేను బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, కందకంలోకి దిగాను. దిగితే బూట్లు తడుస్తాయని మానేసిన చోటే అది. పుస్తకంలో ఎలా ఉందో అలాగే చేశాను. ముందు మాల్ లేకుండా బ్లాకులు పేర్చి చూసుకున్నాను. సుద్దతో గీతలు పెట్టాను. బెడ్ మీద నీళ్ళు చిలకరించాను. మాల్ పరిచాను. నాకు సరిపోయిందనిపించింది.

“సాల్నా సార్? ఇంక జరంత ఎయ్యాల్నా?” అన్నాడు ఎల్లయ్య. ఆయన గొంతులో ఎగతాళి వెతికితే దొరకదు. అదే ఎక్కువ బాధ.

మొదటి బ్లాకు నేనూ ఇంకో కూలీ కలిసి దించాం. రెండోదీ అలాగే దించాం. మూలలో రెండు బ్లాకులూ కలిశాక గునియా పెట్టాను. కలిసింది. గర్వంగా పైకి చూశాను. రసమట్టం పెట్టాను. అందులోని బుడగ ఒక కొసకు పరుగెత్తి అక్కడే కూర్చుంది. గుండు వదిలాను. బయటికి వాలింది, సరిగ్గా ఎల్లయ్య మొదటిసారి కట్టినప్పుడు వాలినంత. విప్పాను. అంటే, నేను చూస్తుంటే వాళ్ళు విప్పారు.

రెండోసారి ఒక వైపు మాల్ ఎక్కువ పోశాను. సుత్తి పిడితో తట్టి తట్టి బుడగను నడుమకు తెచ్చాను. గుండు సరిపోయింది. దారం అందింది. లేచి నడుం పట్టుకుని చూస్తే, బ్లాకు కింద మాల్ రెండు వేళ్ళ మందం. వేలు పెట్టి చూసుకున్నాను. నా వేళ్ళే కాబట్టి సందేహం లేదు.

“గిది గుడ బుక్కుల రాసుకో సారూ,” అంది సత్తెమ్మ.

ఊరంతా నవ్వింది. ఎల్లయ్య నవ్వలేదు. గమేళా కింద పెట్టి, నా ముఖంలోకి చూస్తూ ఎదురుచూశాడు. నేను తప్పు చేశానని కాదు, ఆ తప్పు ఎక్కడి నుంచి వస్తోందో నేను అడుగుతానా లేదా అని ఆయన చూస్తున్నాడని నాకు అనిపించింది. నా తలలోకి అప్పుడు వచ్చాయి ఆ నీళ్ళు. అద్దంలా నిలిచిన నీళ్ళు, గట్టు మీద నేను.

గొట్టం తెమ్మన్నాను. ఒక కొస మూడో మూల దగ్గర గుమాస్తా పట్టుకున్నాడు, రెండో కొస నేను పట్టుకున్నాను. ఈసారి కందకంలోనే నిలబడి, బెడ్ మీద టేపు ఆనించి కొలిచాను. అంగుళంపావు దిగి ఉంది. మళ్ళీ కొలిచాను. అంగుళంపావే.

“బెడ్ ఇక్కడ దిగింది,” అన్నాను.

“అవునా సార్?” అన్నాడు ఎల్లయ్య. “బుక్కుల సక్కగనే ఉన్నదంటివి గద.”

సత్తెమ్మకు నా మీద జాలి కలిగినట్టుంది. “ఈశాన్యం పల్లముంటె మంచిదే అంటరు గద సారూ,” అని ఓదార్చింది.

ఆ మధ్యాహ్నం మేడ్చల్ వెళ్ళి డిప్యూటీ ఈఈ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన హైదరాబాద్ పాతబస్తీ మనిషి, ఇరవై ఏళ్ళ సర్వీసు ఉన్నవాడు. శ్రద్ధగా విని ఒకే ప్రశ్న వేశారు.

“లెవెల్ బుక్కుల పెన్సిల్‌తోని రాసినవా, పెన్నుతోనా?”

“పెన్నుతో సార్.”

“అరె, పరేషాన్ జేసినవ్ గదయ్యా.”

తర్వాత ఆయన దయగానే సలహా ఇచ్చారు. దిగిన చోట జల్దీ కాంక్రీటు వేసి సరిచేసేయమన్నారు. మేస్త్రీని పిలిచి పని చేయించుకోమన్నారు. సైట్ ఆర్డర్ బుక్కులో మేస్త్రీ గురించి రాసిన మూడు వాక్యాలు ఎవరు చదువుతారు, వదిలెయ్ అన్నారు. తప్పు నాదని రాస్తే మాత్రం ఈఈ గారు చూస్తారు, సంజాయిషీ అడుగుతారు, అది నా ఫైల్లో చేరుతుంది. పదోన్నతి జాబితా తయారవుతున్న సంవత్సరం అది. ఆయన చెప్పిందంతా సరైనదే. ఒక్కటి తప్ప. ఆ వాక్యాలు ఎవరూ చదవకపోవచ్చు, కానీ వినాల్సినవాళ్ళు అందరూ విన్నారు.

ఆ సాయంత్రం పేట్ బషీరాబాద్‌లో ఇంటికి చేరాక నా భార్యకు చెప్పాను. ఆమె ఉపాధ్యాయురాలు. పిల్లవాడికి తప్పు మార్కులు వేస్తే రిజిస్టరులో దిద్ది పక్కన పొట్టి సంతకం పెట్టమా, ఇందులో ఆలోచించేదేముంది అంది. ఆమెకు మా శాఖ సంగతి తెలియదని చెప్పాను. మీ శాఖకు రిజిస్టరు సంగతి తెలియదేమో అంది.

మర్నాడు సైట్ ఆర్డర్ బుక్కులో పాత ఆదేశం కిందే కొత్తది రాశాను. ఈసారి తెలుగులో. ఈశాన్య మూలలో బెడ్ కాంక్రీటు అంగుళంపావు పల్లంగా ఉన్నదని, ఆ మూల లెవెల్ అసిస్టెంట్ ఇంజనీరు స్వయంగా కొలవకుండా నమోదు చేసినాడని, సదరు మేస్త్రీ లోపాన్ని ముందే తెలిపినాడని, అతని పనిలో దోషం లేదని, పై ఆదేశాన్ని రద్దు చేయడమైనదని. సంతకం చేశాను. ఎల్లయ్యను పిలిపించి, రాశాను అని చెప్పాను.

ఆయన ఆ పుస్తకం వైపు కాసేపు చూశాడు. చదవడం రాదు. “గా మాట అందరి ముంగట సదివిండ్రు,” అన్నాడు. “గీ మాట గుడ అందరి ముంగట సదువు సార్.”

న్యాయమే. కూలీలందర్నీ పిలిచాను. సత్తెమ్మ నేను ఆపే లోపలే ఊళ్ళోకి వెళ్ళి ఇంకో పదిమందిని పిలుచుకొచ్చింది. కులసంఘం పెద్ద కూడా వాళ్ళలో ఉన్నాడు. నేను బ్లాకుల దొంతి పక్కన నిలబడి చదివాను. సొంత తప్పును సర్కారు భాషలో గట్టిగా చదవడం ఎలా ఉంటుందో, చదివినవాళ్ళకే తెలుస్తుంది. ‘చేయడమైనది’, ‘నమోదు చేసినాడు’ అంటూ పోతుంటే ఎవరో వేరే మనిషి గురించి చదువుతున్నట్టే ఉంటుంది. కానీ అందరూ చూసేది మన వైపే.

“ఇంకొకసారి,” అన్నాడు ఎల్లయ్య. మళ్ళీ చదివాను.

“సదరు అంటె ఏంది సార్?”

“సదరు మేస్త్రీ అంటే మీరే.” ఆ రోజు నా నోట మీరు అనే వచ్చింది.

“మరి నా పేరు రాయరాదూ?”

రాయొచ్చు. చెరపకూడదు కాబట్టి ‘సదరు’ మీద చిన్న గుర్తు పెట్టి, పైన ఆయన పూర్తి పేరు, తండ్రి పేరుతో సహా రాసి, పక్కన పొట్టి సంతకం చేశాను. ఏది తన పేరో వేలు పెట్టి చూపించమన్నాడు. చూపించాను. ఆయన దాన్ని అక్షరం అక్షరం చూశాడు, గోడ నిలువు చూసినట్టు ఒక కన్ను మూసుకుని. తర్వాత కర్ని అందుకున్నాడు.

సరిచేసే పని మామూలుదే. పల్లమైన మేర కాంక్రీటు పైపొర చెక్కి గరుకు చేశాం. కడిగి, సన్నకంకరతో కాంక్రీటు పోసి, మిగతా మూడు మూలలతో సమం చేశాం. మూడు రోజులు తడిపాం. ఆ నాలుగో మూలను ఎల్లయ్య ఒక్క పూటలో లేపాడు. బ్లాకును ముందు మూల వైపు కొస ఆనించి తర్వాత రెండో కొస వదలాలని, మాల్‌ను నడుమ కాకుండా రెండు అంచులకు పరచాలని, బుడగను కాదు, ముందు బ్లాకు శబ్దాన్ని వినాలని ఆయన నాకు చూపించాడు. సరిగ్గా కూర్చున్న బ్లాకు తడితే మందంగా పలుకుతుంది. కింద ఖాళీ ఉంటే టంగుమంటుంది. ఆ తర్వాత మూడో వరసలో ఒక బ్లాకు నన్ను పెట్టమన్నాడు. పెట్టాను. ఆయన రసమట్టం ఆనించి చూసి, కర్ని పిడితో రెండుసార్లు తట్టి, ‘నడుస్తది’ అన్నాడు. మా వృత్తిలో అంతకంటే పెద్ద ప్రశంసను నేను ఎం-బుక్కుల్లో ఎక్కడా చూడలేదు.

బ్లాకుల్ని నానబెట్టకూడదన్న నా మాటను కూడా ఆయన ఒప్పుకున్నాడు, రెండు నెలల తర్వాత, వేరేవాళ్ళ పునాదిలో నెర్రెలు చూసి వచ్చాక. ‘గదొక్కటి నువ్వు మంచిగనే జెప్పినవ్ సార్’ అన్నాడు. ‘ఒక్కటి’ అన్న మాట మీద కొంచెం బరువు పెట్టాడు.

ఈఈ గారు గురువారం కాక శనివారం వచ్చారు. నాలుగు మూలలూ స్వయంగా చూశారు. తర్వాత సైట్ ఆర్డర్ బుక్కు తిరగేశారు. ఎవరూ చదవరన్న ఆ పేజీ దగ్గరే ఆగారు. ఇది నీమీద నువ్వే రాసుకున్నావా అని అడిగారు. అవునన్నాను. పుస్తకం మూసి తిరిగి ఇచ్చారు. పదిహేను రోజులకు సంజాయిషీ కాగితం వచ్చింది. జవాబిచ్చాను. ఇకపై జాగ్రత్తగా ఉండవలెనని హెచ్చరించడమైనది అని నెల తర్వాత ఇంకో కాగితం వచ్చింది. ఆ ఏడాది పదోన్నతి జాబితాలో నా పేరు లేదు. రెండేళ్ళ తర్వాత వచ్చిన జాబితాలో ఉంది. ఆ హెచ్చరిక వల్లే ఆలస్యమైందా అంటే చెప్పలేను. మా శాఖలో జాబితాలు కారణాలతో నిమిత్తం లేకుండా కూడా ఆలస్యమయ్యేవి.

కులసంఘం ఇల్లు ఎల్లయ్యే కట్టాడు. తర్వాత ఐదారేళ్ళలో కండ్లకోయ వైపు పెద్ద పెద్ద భవనాలు లేచినప్పుడు బ్లాకు మూలలకు ఆయన్ను ప్రత్యేకంగా పిలుచుకుపోయేవారని విన్నాను. సత్తెమ్మ కూడా వెంట వెళ్ళేదట. అక్కడి ఇంజనీర్లతో ఎవరు మాట్లాడేవారో నేను అడగలేదు, ఊహించుకోగలను.

నేను 2006లో డిప్యూటీ ఈఈ హోదాలో మళ్ళీ మేడ్చల్‌కే వచ్చాను. నా కింద పనిచేసిన ఏఈలు నన్ను చాదస్తపు మనిషి అనేవారు. కారణం ఉంది. మేస్త్రీ పని బాగాలేదని ఎవరు రాసి తెచ్చినా, ఆ గోడ కింది బెడ్‌ను ఎవరు కొలిచారు, ఎక్కడ నిలబడి కొలిచారు అని అడిగేవాణ్ణి. జవాబు చెప్పలేకపోతే కాగితం తిప్పి పంపేవాణ్ణి. చాలాసార్లు మేస్త్రీదే తప్పని తేలేది. కొన్నిసార్లు కాదు. ఆ కొన్నింటి కోసమే అడిగేవాణ్ణి.

నేర్చుకున్నది ఇదొక్కటే. ఎవరి పనినైనా తిరస్కరించే ముందు, ఆ పని దేనిమీద నిలబడి ఉందో చూడాలి. ప్రభుత్వ పనుల్లో అది చాలావరకు మన సంతకం మీదే నిలబడి ఉంటుంది.